ఐలయ్య చలి లెక్క

పుప్పాలగూడలో గౌండ్ల ఐలయ్యకు రెండు పనులుండేవి. ఒకటి ఈత చెట్లు గీయడం. రెండోది, రేపు చలి ఎంత పెడుతుందో ఇవాళే చెప్పడం. మొదటి పనిలో ఆయనకు వంక పెట్టినవాళ్ళు లేరు. రెండో పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు, అలాగని ఎవరూ మానుకోమనీ అనలేదు.

పొద్దు గుంకే వేళ వాగు ఒడ్డున ఉన్న ఈతవనంలో చెట్టెక్కి, మెడ దగ్గర కత్తితో పలచగా ఒక పొర చెక్కి, కింద లొట్టి, అంటే కల్లుకుండ, కట్టేవాడు. చెక్కిన చోట చుక్క ఎలా పుడుతోందో కాసేపు చూసేవాడు. చలి ముదిరే కొద్దీ ఈత చెట్టు కల్లు ధారాళంగా ఇస్తుందనీ, ఎండలు ముదిరితే పిసినారి అవుతుందనీ గీతపని చేసే ప్రతివాడికీ తెలుసు. ఐలయ్య ఒక్కడే దాన్ని తిరగేసి, చెట్టు ఇచ్చేదాన్ని బట్టి చలిని చెప్పడం మొదలుపెట్టాడు. చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని ఊళ్ళోకి వస్తూ గొర్లమంద దగ్గర ఆగి, రేపు తెల్లవారుజామున జర గట్టిగా ఉంటుందనీ, గొర్రెపిల్లల్ని దొడ్లో కట్టుకోమనీ చెప్పేవాడు. గొల్లవాళ్ళు సరేననేవాళ్ళు. చెప్పినట్టే చలి పెడితే ఐలయ్య గొప్ప. పెట్టకపోతే? అప్పుడూ ఐలయ్యే గొప్ప. చలి బయల్దేరిన మాట నిజమేననీ, గోల్కొండ గుట్ట అడ్డం పడి నార్సింగి వైపు మళ్ళిందనీ చెప్పేవాడు. నార్సింగి దాకా పోయి కనుక్కొచ్చే ఓపిక ఎవరికుంటుంది?

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆయన భార్య కిష్టమ్మ అయితే, ఈ మనిషి చెట్టు మీది నుంచి జారి పడ్డా మీసానికి మన్ను అంటలేదంటాడని నలుగురి ముందే అనేది. ఆ మాటకూ ఐలయ్య మీసం దువ్వేవాడే తప్ప కోపం తెచ్చుకునేవాడు కాదు. మంచివాడు. మంచివాడు కాకపోతే ఊరు ఇన్నేళ్ళు భరించేది కాదు.

ఆయనకు ఒక్కడే కొడుకు, సాయిలు. మోకూ ముస్తాదూ తన తర్వాత వాడి నడుముకే ఎక్కుతాయని ఐలయ్య ఆశపడ్డాడు. ముస్తాదు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకు బిగించే తోలు పట్టా. వాడికి ఆ పట్టా మీద కన్ను పడలేదు. గోల్కొండ వైపు నుంచి పొద్దున్నే బూట్లు టకటకలాడించుకుంటూ గుట్టల దాకా పరుగెత్తి వెళ్ళే సిపాయిల మీద పడింది. మీసాలు వచ్చీ రాగానే మిలిటరీలో చేరిపోయాడు. ఐలయ్య కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదు. తర్వాత, నా కొడుకు తుపాకి పట్టిండు అని తానే మీసం దువ్వడం మొదలుపెట్టాడు. ఏం జరిగినా చివరికి దాన్ని తన గొప్పలో కలిపేసుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

సాయిలుకు హఫీజ్‌పేట్ పిల్ల సీతాబాయిని చేశారు. పెళ్ళి సెలవు అయిపోగానే వాడు కాశ్మీరం కొండల్లోకి వెళ్ళిపోయాడు. డెబ్భై నాలుగులో, దసరా వెళ్ళిన వారానికి హఫీజ్‌పేట్‌లో తల్లి సక్కుబాయి దగ్గర సీతాబాయి ఆడపిల్లను కన్నది. ఆ కబురు అంది సాయిలు రాసిన జాబును పుప్పాలగూడ బడిపంతులు యజ్ఞనారాయణ, ఐలయ్య వెంట హఫీజ్‌పేట్ దాకా వచ్చి, చదివి వినిపించాడు. ఆయనది అమలాపురం వైపు. బడి పక్కన ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. ఆయన దగ్గర ఊళ్ళో అందరికీ ముచ్చట తీర్చే ఒక చిన్న రేడియో కూడా ఉండేది.

సాయిలు రాసింది ఇదీ. తాముండే చోటికి ఒకటే దారి, అది రెండు పెద్ద కొండల నడుమ నుంచి వస్తుంది. క్రిస్మస్ సెలవుల్లో తన వంతు వచ్చింది. అప్పటికి మంచు పడకపోతే వస్తాడు. పడిందా, దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఎండలు ముదిరి కరిగేదాకా ఎవరూ కిందికి దిగలేరు. పిల్లకు తొట్టెల మాత్రం తను లేకుండా చేయొద్దు. తన చేతుల మీదుగా తొట్టెల్లో వేసి, తనే పేరు పెట్టి పిలుస్తాడు.

మంచు పడితే దారి మూసుకోవడమేమిటని సీతాబాయి అడిగింది. ఆమెకు తెలిసిన మంచు తెల్లవారి గడ్డి మీద ఉండి, పొద్దెక్కితే పోయేది. పంతులు అది వేరనీ, అక్కడ ఏకిన దూదిలా ఆకాశం నుంచి రాలి, మనిషి ఎత్తున పేరుకుని, గట్టిపడి రాయిలా అవుతుందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేకుండా పోయింది.

ఇరవయ్యొకటో రోజు తొట్టెల ఆగిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని లోకమంతా నవ్వుకుంటుంది. ఇక్కడ ఆలీ ఉంది, బిడ్డా ఉంది, పేరొక్కటే లేదు. పిల్లను పిల్లా అనే పిలిచారు. పేరు లేని పిల్లకు దిష్టి తగులుతుందని సక్కుబాయి మొత్తుకుంటున్నా వినకుండా, బాలింత అయిదో నెల దాకా పుట్టింట్లో ఉండాల్సింది పోయి, మూడో నెల రాకముందే సీతాబాయి పుప్పాలగూడకు వచ్చేసింది. వచ్చేవాడు ముందు అమ్మానాన్నల ఇంటికే కదా వస్తాడని ఆమె లెక్క. అందులో తప్పు పట్టడానికేం లేదు.

వచ్చిన సాయంత్రమే మామ చెట్ల నుంచి దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగింది.

"మామా, ఆడ మంచు పడ్తదా?"

ఐలయ్య పుట్టి బుద్ధెరిగాక తనకు తెలియదన్న మాట అనలేదు. ఇప్పుడు కోడలు, అందులోనూ పచ్చి బాలింత, భుజాన పిల్లనేసుకుని అడుగుతుంటే ఎలా అంటాడు? రేపు చెప్తానన్నాడు. ఆ రాత్రంతా ఆలోచించాడు. పుప్పాలగూడ చలి చెప్పగలిగినవాడికి కాశ్మీరం చలి ఒక లెక్కా అనుకున్నాడో ఏమో, మర్నాటికల్లా ఒక సిద్ధాంతం తయారుచేశాడు.

రెండు లొట్లు తెచ్చి కోడలి ముందు పెట్టాడు. ఒకదాని నిండా కల్లుంది, ఒకటి ఖాళీ. నిండినది కాశ్మీరం, ఖాళీది పుప్పాలగూడ అన్నాడు. చలిగాలి ఎటు నుంచి వస్తుంది, ఉత్తరం నుంచి. సాయిలు ఎక్కడున్నాడు, ఉత్తరాన. అంటూ నిండిన లొట్టిని ఖాళీ లొట్టిలోకి ఒంపాడు.

"ఈడ చలి ఎక్కువైతున్నదంటె ఆడికెల్లి వచ్చుడే గద బిడ్డా. ఈడ నిండితె ఆడ ఖాళీ. మనకు చలి గట్టిగ పెట్టాలె, గంతే. మంచు పడేతందుకు ఆడ ఏం మిగలదు."

చూడ్డానికి ఎంత బాగుందో. నిండిన కుండ ఒంపితే తరుగుతుందని చంటిపిల్లకైనా తెలుసు. సీతాబాయి నమ్మింది. కిష్టమ్మ కూడా, ఈ ముసలోడికి అప్పుడప్పుడు తెలివి వస్తుందని లోపల మెచ్చుకుంది, పైకి మాత్రం ఒలకబోసిన కల్లు గురించి తిట్టింది.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అదే ప్రశ్న, ఆ లొట్ల జవాబే. ఆ ఏడు చలి కూడా అలాగే కమ్ముకొచ్చింది. మార్గశిరంలోనే మాఘమాసపు చలి. తెల్లవారి గుట్టల మీది రాతిగుండ్లు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఊరంతా కుంపట్ల చుట్టూ చేరి వణుకుతుంటే ఐలయ్య ఒక్కడు ఒంటి మీద అంగీ కూడా లేకుండా నవ్వుకుంటూ తిరిగేవాడు. లొట్లు నిండుతున్నాయి, అది ఒక సంతోషం. లొట్లు నిండుతున్నాయంటే కొడుకు దారి తెరుచుకుంటోంది, అది అంతకు మించిన సంతోషం. ఒకనాడు తెల్లవారి చూస్తే లొట్లు నిండి, పొర్లి, చెట్టు బెరడు మీదుగా కారి, మొదలు దగ్గర చీమలు బారులు కట్టి ఉన్నాయి. తన జన్మలో అంత కల్లు పారడం ఐలయ్య చూడలేదు. పరుగున ఇంటికి వచ్చి, ఇంక ఫికర్ లేదు, పిల్లగాడు బయల్దేరినట్టే అని చెప్పేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పంచాంగం చూపించి, సెలవుల్లోనే తొట్టెలకు మంచిరోజు పెట్టించి, హఫీజ్‌పేట్‌కు స్వయంగా నడిచి వెళ్ళి వియ్యపురాలికి చెప్పి వచ్చాడు.

పంతులు యజ్ఞనారాయణకు ఒక చిన్న రహస్యం ఉండేది. కల్లు ఆయన ఇంటా వంటా లేదు. కానీ తెల్లవారకముందు చెట్టు మీంచి దించిన తియ్యటి నీర అంటే ప్రాణం. పులియనిది కనుక అది కల్లు కాదని ఆయన తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. ఆ తీర్పు మీద ఆయనకే నమ్మకం చాలక, ఐలయ్యను వెనక తలుపు నుంచి రమ్మనేవాడు. క్రిస్మస్ సెలవులకు అమలాపురం బయల్దేరే రోజు కూడా ఐలయ్య నీర తెచ్చాడు. గదిలో పెట్టె, పరుపుచుట్ట కట్టి ఉన్నాయి. మీరు తిరిగి వచ్చేసరికి మా పిల్లకు పేరుంటుంది సారూ అని ఐలయ్య గొప్పగా చెప్పాడు. సాయిలు వస్తున్నట్టు జాబు వచ్చిందా అని పంతులు అడిగాడు. జాబు ఎందుకు, లొట్లే చెప్పాయని ఐలయ్య తన సిద్ధాంతమంతా విప్పి చెప్పాడు.

వింటూ వింటూ పంతులు గ్లాసు కింద పెట్టేశాడు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాడు. బండి వేళ అవుతోంది, నవ్వేసి వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనరు. కానీ తొట్టెలకు చుట్టాల్ని పిలిచారని విన్నాక ఊరుకోలేకపోయాడు.

"ఐలయ్యా, చలంటే లొట్టిలోది లొట్టిలోకి ఒంపినట్టు కాదయ్యా. అక్కడ మంచు పడ్డాకే ఆ మీదుగా వచ్చే గాలి చల్లబడి మనదాకా వస్తుంది. ఇక్కడ ఇంత చలిగా ఉందంటే, అక్కడ బాగా పడిందన్నమాట. మొన్న రాత్రి వార్తల్లో చెప్పారు కూడాను, కొండదారులు మూసుకుపోయాయని. మీ వాడుండే చోటు అదేనని నాకు తట్టలేదు సుమా."

ఐలయ్య, ఏ రాత్రి అని మాత్రం అడిగాడు. మొన్న అన్నాడు పంతులు. లొట్లు పొర్లిన రాత్రి అదే.

ఐలయ్య అక్కడి నుంచి నేరుగా ఈతవనానికి పోయాడు. దించాల్సిన లొట్లు ఇంకా ఉన్నాయి. ఎక్కిన ప్రతి చెట్టు దగ్గరా లొట్టి నిండుగానే ఉంది. ఏ ఏడైనా అంత పంటకు గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు కోడిని కోసేవాడు. ఇప్పుడు ఒక్కో లొట్టి దించుతుంటే, అది తన కొడుకు దారి మీద పడ్డ మంచేననిపించింది. పొర్లిన కల్లును చూసి తను పరుగున వెళ్ళి నవ్వుతూ చెప్పిన మాట గుర్తొచ్చి ముసలివాడికి ఒళ్ళు మండింది. ఎవరి మీదా కాదు, తన మీదే. చెట్టుకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళగానే చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి సీతాబాయి గోడలకు సున్నం వేస్తోంది. మర్నాడు చెబుదామనుకుంటే, హఫీజ్‌పేట్ నుంచి సక్కుబాయి పంపిన కర్రతొట్టెల నెత్తిన పెట్టుకుని సీతాబాయి తమ్ముడు దిగాడు. సాయంత్రమైతే, చెంబు అందిస్తూ ఆ ప్రశ్న. ఎన్నడూ మాటకు వెతుక్కోని ఐలయ్య, ఊఁ అనో ఆఁ అనో అని తప్పించుకునేవాడు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగాడు. తన లెక్క తప్పడమే అలవాటు లేని మనిషికి, ఆ తప్పు ఇలాంటి చోట వచ్చి పడింది.

తొట్టెల రోజు రానే వచ్చింది. వాకిట్లో ముగ్గు పడింది. దూలానికి తొట్టెల కట్టారు. చుట్టాలు వచ్చారు, ఊళ్ళోవాళ్ళు వచ్చారు, గొల్లవాళ్ళు ఒక పొట్టేలును తోలుకొచ్చారు. సీతాబాయి పెళ్ళినాటి చీర కట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని, పనులు చేస్తూనే బాట వంక చూస్తోంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అల్లుడు ఏ బండికి వస్తున్నాడని సక్కుబాయి అడిగింది. అందరూ ఐలయ్య వైపు తిరిగారు.

ఐలయ్య అరుగు మీంచి లేచాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సాయిలు రాడు. ఆడ మంచు పడ్డది, తొవ్వ బందయింది. నా లెక్క తప్పింది."

ఆ మాట ఐలయ్య నోట ఎప్పుడు వస్తుందా, వచ్చిన రోజు ఎలా ఏడిపిద్దామా అని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నవాళ్ళు ఆ గుంపులో పదిమందైనా ఉంటారు. ఒక్కడూ నోరు తెరవలేదు. కిష్టమ్మ మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

తర్వాత సక్కుబాయే తేరుకుని, అందరూ వచ్చారు కాబట్టి పేరు పెట్టేద్దామంది. సీతాబాయి వద్దంది. గట్టిగా కూడా అనలేదు. తొట్టెల దగ్గరికి వెళ్ళి, అందులో పరిచిన కొత్త బట్ట తీసి మడత పెట్టి లోపల దాచింది. వచ్చి వడ్డనకు నిలబడింది. ఎవరికీ ఏదీ తక్కువ కానీయలేదు. చుట్టాలు తలలు వంచుకుని తిని, ఎండ చల్లబడేలోపే వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక ఐలయ్య దొడ్లో మోకు మీద కూర్చుని ఉంటే, సీతాబాయి కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఆయన తల ఎత్తలేదు. నాకు ముందే ఎరుకైంది బిడ్డా, చెప్పలేకపోయిన అన్నాడు. ఆమె కంచం కింద పెట్టింది. ఏడ్చిన కళ్ళే, కానీ గొంతు మామూలుగానే ఉంది.

"అయితె అయింది మామా. చలి సంగతి తప్పింది. ఇగ ఎండలెప్పుడొస్తయో చెప్పు."

తిట్టి ఉంటే ఐలయ్య తట్టుకునేవాడు. ఇంకా తననే అడుగుతోందనేసరికి తట్టుకోలేకపోయాడు. అన్నం ముందు కూర్చుని, మీసాలు తడిసేలా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన కొన్నాళ్ళు ఊళ్ళో ఎవరికీ చలి చెప్పలేదు. గొల్లవాళ్ళు అడిగినా, మీకు తోచినట్టు కట్టుకోండ్రి అనేవాడు. ఇంట్లో మాత్రం సాయంత్రం ప్రశ్న మళ్ళీ మొదలైంది, కాకపోతే ఇప్పుడది ఎండ గురించి. ఐలయ్య ఈసారి సిద్ధాంతాలు చేయలేదు. ఆ రోజు లొట్టి ఎంత నిండిందో అంతే చెప్పేవాడు. నిన్నటి కంటే వేలెడు తగ్గిందంటే సీతాబాయి ముఖం విప్పారేది. లొట్లు వెలితి పడుతుంటే సంబరపడే గీతవాడి ఇల్లు లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. కల్లు తగ్గితే రాబడి తగ్గుతుందని కిష్టమ్మకు తెలియదా? తెలుసు. అయినా పొద్దున్నే లొట్టిలోకి తొంగి చూసి, ఇయ్యాల మంచిగ తగ్గింది అని ఆమే ముందు అనేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఊళ్ళో గీతవాళ్ళందరూ ఈత చెట్లకు సెలవిచ్చి, తాటి చెట్లెక్కారు. ఎండలు వచ్చాక ఈత చెట్టును గీయకూడదు, దానికి విశ్రాంతి కావాలి. ఐలయ్య కూడా అన్ని లొట్లూ విప్పేశాడు గానీ, ఒక్క చెట్టుకు మాత్రం ఉంచేశాడు. అది పని ధర్మం కాదని ఆయనకు తెలుసు. అందుకే రోజూ చెట్టుకు దండం పెట్టుకుని, గోటితో గీరినట్టు గీరి దిగేవాడు. ఎండిన చెట్టుకు లొట్టి కట్టిన పిచ్చోడని తోటివాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అన్నాడు.

ఉగాది నాటికి ఆ లొట్టిలో చుక్క లేకుండా పోయింది. ఖాళీ లొట్టి తెచ్చి కోడలికి చూపించాడు. ఆమె పిల్లకు తలంటి పోసింది. నాలుగు రోజులు చూశారు, నెల చూశారు. సాయిలు రాలేదు, జాబు కూడా లేదు. లొట్టి ఎండింది గద మామా అని ఆమె అడిగితే, ఐలయ్య ఒక్క క్షణం పాత ఐలయ్యలా మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ తీసేశాడు. మన చెట్టుకు ఎండ తగిలింది బిడ్డా, ఆ కొండకు తగిలిందో లేదో నాకు తెల్వదు అన్నాడు. తెలియదన్న మాట అంత తేలిగ్గా వచ్చేసినందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు. సీతాబాయి చెంబు అందించడం మాత్రం మానలేదు.

వైశాఖం వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. పిల్ల పాకుతోంది, పేరు ఇంకా పిల్లే. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గోల్కొండ వైపు ఆకాశం నల్లబడింది. గాలి దుమ్ము లేచింది. తాటిచెట్టు మీదున్న ఐలయ్య గబగబా దిగి ఇంటి బాట పట్టేసరికి వడగండ్లు మొదలయ్యాయి. ఇంటి పెంకుల మీద టపటపా పడి, జారి, వాకిలంతా తెల్లగా పరుచుకుంటున్నాయి. ఐలయ్య తువ్వాల నెత్తికి చుట్టుకుని వసారాలోకి ఎక్కాడు. ఏ ఏడైనా వడగండ్లు చూస్తే చిన్నపిల్లాడిలా ఏరుకుని తినేవాడు. ఇప్పుడు వాకిట్లో పేరుకుంటున్న ఆ తెలుపును చేత్తో కూడా ముట్టలేదు. ఇంత ఎండలో ఇక్కడే ఇలా ఉంటే, అక్కడ ఇంకెలా ఉందోననిపించింది. కోడలి ముఖం చూడలేక గోడ వైపు తిరిగాడు.

అప్పుడు బాట మీద ఒక వింత చప్పుడు వినిపించింది. రేకు మీద రాళ్ళు పడుతున్నట్టు ఠంగుఠంగుమంటూ దగ్గరికి వస్తోంది. సీతాబాయి పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. వడగండ్ల వానలో ఒక మనిషి, నెత్తిన ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని, వంగి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. వాకిట్లోకి వచ్చి పెట్టె దించాడు. ముఖం మాడిపోయి నల్లగా ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి. కిష్టమ్మ కొడుకును గుర్తుపట్టడానికి రెండు అడుగులు ముందుకు వేయాల్సి వచ్చింది. తర్వాత ఆమె ఏడుపు వాన చప్పుడును మించిపోయింది.

మంచు కరిగి తొవ్వ తెరవగానే మొదటి బండ్లలోనే తనను దింపారని సాయిలు చెప్పాడు. ఆ ముఖమేందిరా, ఎండకు మాడినవా అని తల్లి అడిగితే, మంచుకే మాడిందనీ, దాని మీద పడి తిరిగి కొట్టే వెలుగు ఎండను మించి కాలుస్తుందనీ అన్నాడు. వాడి మాట ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. పిల్ల కొత్త మనిషిని చూసి బెదిరి తల్లి మెడ పట్టుకుంది. సీతాబాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్ని నెలలు బాట వంక చూసిన మనిషి ఇప్పుడు కళ్ళెత్తి చూడలేకపోతోంది.

ఐలయ్య వాన లెక్క చేయకుండా వాకిట్లోకి దిగాడు. కొడుకు భుజం ఒకసారి తడిమి చూశాడు. వెంటనే కిందికి వంగి, ఉసిరికాయంత వడగల్లు ఒకటి ఏరి పైకెత్తి, అందరికీ వినపడేలా అన్నాడు, ఆనాడే చెప్పలేదా, ఆడిది ఈడికొస్తే ఆడ ఖాళీ అవుతుందని, ఖాళీ అయింది, పిల్లగాడు వచ్చిండు. మళ్ళా మొదలుపెట్టిండు అని కిష్టమ్మ ఏడుస్తూనే అంది. ఆ రోజు ఆయన లెక్కను తప్పనే మనసు ఎవరికీ రాలేదు. అసలు మంచును ఇన్ని నెలలు కళ్ళారా చూసిన సాయిలు కూడా నోరు మూసుకున్నాడు.

ఐలయ్య వసారా ఎక్కి, ఆ వడగల్లును కోడలి అరచేతిలో పెట్టాడు. మీసం దువ్వడం మరిచిపోయాడు.

"ఇగో బిడ్డా. ఇన్ని దినాలు మన పిల్లగాన్ని ఆపింది గిదే."

సీతాబాయి అరచేతిలోకి చూసింది. అది అప్పటికే అంచుల్లో కరుగుతోంది.

"గింతదేనా మామా" అంది.

పిడికిలి బిగించి, నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా పట్టుకుంది. తర్వాత ఆ తడి చేత్తోనే మెడకు చుట్టుకున్న పిల్ల చేతులు విడదీసి, ఎత్తి మొగుడి చేతుల్లో పెట్టి, ఇగ పేరు పెట్టమంది.